పాసైన ఏడాది 2017 అయితే ఇంటర్న్‌షిప్ ఎవరిస్తారు?

మా పిన్ని కూతురు హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఏడేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసింది. పోయినేడు జూన్‌లో ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ఏదో పెద్ద కంపెనీ ఇంటర్న్‌షిప్ దరఖాస్తు. పేరు, ఫోన్ నంబరు, డిగ్రీ అన్నీ నింపి “పాసయ్యే సంవత్సరం” దగ్గర ఆగిపోయింది. అక్కడ నొక్కితే మూడే వస్తున్నాయి: ఆ ఏడాది, మరుసటేడు, ఆ పైయేడు. ఆమె డిగ్రీ అయిపోయింది 2017లో.

“వీళ్ల లెక్కలో నేను లేనే లేనా అన్నా?” అంది.

నిజంగానే లేదు. నేను పన్నెండేళ్లుగా మాదాపూర్ చుట్టుపక్కల కంపెనీల్లో టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని, చేస్తున్నాను. బ్యాంకు, బడి, మెడికల్ రెప్ ఉద్యోగాలు వదిలి సాఫ్ట్‌వేర్‌లోకి రావాలనుకునే బంధువులు, వాళ్ల బంధువులు నెలకొకరైనా ఫోన్ చేస్తారు. అందరి మాటా ఒకటే: “ముందు ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ దొరికితే చాలు, తర్వాత నేను చూసుకుంటా.” కోరిక సబబే. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఇంటర్న్‌షిప్ అనే ఒక్క బోర్డు కింద ఈ ఊళ్లో నాలుగు రకాల సరుకు దొరుకుతుంది. అందులో మూడు, ఉద్యోగం మారేవాళ్ల కోసం పెట్టినవి కావు.

మూడు కౌంటర్లు, ఎక్కడా మనకు టోకెన్ లేదు

మొదటిది కాలేజీ వాళ్లది. బీటెక్ ఆఖరి ఏడాదిలో, ఎక్కువగా జనవరి నుంచి జూన్ దాకా, కాలేజీ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) పట్టుకుని పిల్లలు కంపెనీలకు వస్తారు. కంపెనీకి అది ఆర్నెల్ల ఇంటర్వ్యూ లాంటిది. పనికొస్తాడనిపిస్తే చదువు పూర్తికాగానే ఉద్యోగమిస్తారు, దాన్నే పీపీఓ అంటారు. ఇంటర్న్‌ల బడ్జెట్, ఫారాలు, కాలేజీలతో చేసుకున్న ఏర్పాట్లు అన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే. అందుకే ఆ ఫారంలో 2017 ఉండదు. ఎవరికీ మీ మీద పగ లేదు, మీలాంటి మనిషి కూడా వస్తారని ఆ ఫారం తయారుచేసినవాడికి తట్టలేదు, అంతే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అద్దాల మేడలున్న కంపెనీలన్నిటికీ రోజుకు పది దరఖాస్తులు పెట్టి, ఒక్కదానికీ జవాబు రాక, “నాలోనే ఏదో లోపముంది” అని కుంగిపోయినవాళ్లను చూశాను. లోపం వాళ్లలో లేదు. ఆ దరఖాస్తు మనిషి కంటపడక ముందే వడపోతలో పోతోంది.

రెండోది సర్కారు వారిది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కేంద్రం నడిపే ‘నాట్స్’ అనే పథకం ఉంది. డిగ్రీ, డిప్లొమా పాసైన కొత్తవాళ్లకు కంపెనీల్లో శిక్షణ, నెలనెలా స్టైపెండ్. ఏడాది, అంతకు మించి ఉద్యోగానుభవం ఉన్నవాళ్లు మాత్రం దీనికి పనికిరారు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024 అక్టోబరులో మొదలైంది. మొదలుపెట్టినప్పుడు ఏడాది పాటు శిక్షణ, నెలకు 5,000 రూపాయలు అన్నారు. వయసు 21 నుంచి 24 లోపు ఉండాలన్నారు, పూర్తికాలపు ఉద్యోగంలో ఉన్నవాళ్లు కూడదన్నారు. మన తెలంగాణలో నైపుణ్య శిక్షణకు ‘టాస్క్’ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, దాని చూపూ ప్రధానంగా కాలేజీ విద్యార్థుల మీదే. ఇవన్నీ మంచి పథకాలే. కాకపోతే మీ చెల్లెలికో, మీ పక్కింటి కుర్రాడికో చెప్పండి. మీరు ముప్ఫై దాటి, పిల్లాణ్ని బడికి పంపి, ఆఫీసుకు వెళ్లే మనిషైతే వీటి వెబ్‌సైట్లలో సాయంత్రాలు గడపకండి.

మూడోది అమీర్‌పేట సరుకు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఉద్యోగం మారాలనుకున్న మనిషి కాళ్లు తిన్నగా అటే పోతాయి కాబట్టి. మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చేతిలో పాంప్లెట్లు పడతాయి. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో అంతస్తుకొక కోర్సు. నేనూ అక్కడే సెలీనియం అనే టెస్టింగ్ సాధనం నేర్చుకున్నాను. ఎస్సార్‌నగర్ హాస్టల్లో ఉంటూ, పొద్దున ఏడు గంటల బ్యాచ్‌కు పరుగెత్తినవాణ్ని. అమీర్‌పేటను తిట్టే అర్హత నాకు లేదు. తక్కువ డబ్బుతో పని నేర్పడంలో ఆ వీధికి సాటి లేదు.

అయితే ఇప్పుడు కొన్నిచోట్ల కోర్సు కింద “లైవ్ ప్రాజెక్టుతో ఇంటర్న్‌షిప్” అని ఇంకో గీత చేర్చి, దానికి విడిగా ఫీజు లాగుతున్నారు. ఆ లైవ్ ప్రాజెక్టు ఏమిటా అని చూస్తే, అదే ఆన్‌లైన్ షాపింగ్ సైటు, అదే హాస్పిటల్ మేనేజ్‌మెంట్, బ్యాచ్ తర్వాత బ్యాచ్ చేసిందే చేస్తూ ఉంటారు. ఇంటర్వ్యూలో కూర్చున్నవాడికి ఆ ప్రాజెక్టు పేరు వినగానే తెలిసిపోతుంది. నా మటుకు నేను ఒకటే ప్రశ్న వేసి చూస్తాను: ఈ సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే రేపు పొద్దున ఫోన్ చేసి అరిచే మనిషి ఎవరు? ఎవరూ లేరంటే అది కోర్సు. కోర్సుగా బాగుంటే డబ్బు కట్టి నేర్చుకోండి. ఇంటర్న్‌షిప్ అనుకుని మాత్రం కట్టకండి. ఇంటర్న్‌షిప్‌లో డబ్బు కంపెనీ నుంచి మీ దగ్గరకు రావాలి, లేదా అసలు చేతులు మారకూడదు. మీ దగ్గర నుంచి అటు పోయిందంటే మీరు అక్కడ గిరాకీ.

ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్ల సలహా ఒకటి అడ్డొస్తుంది. “మా కాలంలో బీకామ్ వాడు కూడా మూడు నెలలు కోర్సు చేసి అమెరికా పోయాడు” అంటారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. సైబర్ టవర్స్‌ను తెరిచింది 1998 నవంబరులో. అప్పటికి వైటూకే గోల తారస్థాయిలో ఉంది. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నారు, 2000 వచ్చేలోపు వాటన్నిటినీ వెతికి సరిచెయ్యాలి. చేతులు చాలక, ఏ డిగ్రీ అని అడక్కుండా మనుషుల్ని తీసుకున్నారు. ఆ గడువు తేదీ దాటిపోయి పాతికేళ్లయింది, సలహా మాత్రం ఇంకా ఇళ్లల్లో తిరుగుతోంది.

ఈ మూడు కౌంటర్ల దగ్గరా పని కాక విసిగిపోయినవాళ్ల కోసం పక్కనే చీకట్లో ఇంకో మనిషి కాచుకుని ఉంటాడు. “లక్షన్నర, రెండు లక్షలు కట్టండి, బ్యాక్‌డోర్‌లో ఆఫర్ లెటర్ ఇప్పిస్తా” అంటాడు. మాదాపూర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని, ఇద్దరు ముగ్గురు ట్రైనర్లను కూర్చోబెట్టి, రెండు నెలలు జీతం కూడా వేసి, మూడో నెల తాళం వేసుకుపోయిన కేసులు పోలీసుల దగ్గర చాలానే నమోదయ్యాయి. డబ్బు ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే, పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే బ్యాంకులో ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

లాగిన్ పేజీ అడుగున ఎవరి పేరుంది?

ఇక నాలుగో రకం. దీనికి బోర్డు ఉండదు, ప్రకటన ఉండదు. పదిమందో, ఇరవైమందో పనిచేసే చిన్న కంపెనీలో, పని పేరుకుపోయి, “ఎవరైనా ఒకరు చేతికింద ఉంటే బాగుండు” అని యజమాని అనుకుంటున్న సమయంలో మీరు వెళ్లడం. ఉద్యోగం మారేవాళ్లకు ఈ ఊళ్లో నిజంగా దొరికేది ఇదే. అయ్యప్ప సొసైటీ గల్లీల్లో, కావూరి హిల్స్‌లో, బేగంపేటలో, సికింద్రాబాద్ పాత కాంప్లెక్సుల రెండో అంతస్తుల్లో ఇలాంటివి కుప్పలుగా ఉన్నాయి. ఏ ర్యాంకుల జాబితాలోనూ కనిపించవు.

మరి వీటిలో మీది ఏదో ఎలా తెలుస్తుంది? మా చెల్లికి నేను చెప్పింది ఒక్కటే. “మీ ల్యాబ్‌లో రిపోర్టులు ఏ సాఫ్ట్‌వేర్‌లో కొడతారు? దాన్ని చేసిందెవరు?” ఆమెకు వెంటనే చెప్పడం రాలేదు. ఏడేళ్లు రోజూ తెరిచిన పేజీ. మర్నాడు డ్యూటీకి వెళ్లి లాగిన్ పేజీ అడుగున చూస్తే, చిన్న అక్షరాల్లో కొండాపూర్‌లోని ఒక కంపెనీ పేరు, సపోర్ట్ నంబరు ఉన్నాయి. ఆ నంబరు ఆమె ఫోన్‌లో అప్పటికే సేవ్ అయి ఉంది, “సాఫ్ట్‌వేర్ అన్న” అనే పేరుతో. ప్రింటర్ మొరాయించిన ప్రతిసారీ ఆమె అరిచింది ఆయన మీదే.

చాలామంది దగ్గర ఇలాంటి నంబరు ఒకటి ఉంటుంది, దాన్ని దారి అనుకోరు. స్కూల్లో చెప్పేవాళ్లు హాజరు, ఫీజులు ఏదో ఒక యాప్‌లో కొడతారు. మేడ్చల్ వైపు గోడౌన్‌లో చేసేవాళ్లు సరుకు లెక్క ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తారు. హోటల్ క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నవాడికి, రాత్రి పది గంటలకు బిర్యానీ పార్సిళ్లు వరస కట్టినప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కడ నత్తనడక నడుస్తుందో తెలుసు. రాణిగంజ్‌లో, బేగంబజార్‌లో పద్దులు రాసే అకౌంటెంట్లకు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ కొట్టినపిండి. ట్యాలీని ఒక్కో దుకాణానికి తగ్గట్టు మార్చి ఇవ్వడానికి టీడీఎల్ అని దాని సొంత భాష ఉంది, ఆ పనిమీదే బతికే పార్ట్‌నర్ సంస్థలు ఊరంతా ఉన్నాయి. ఫార్మా వాళ్ల దారి ఇంకాస్త తొక్కిన దారే: మందుల పరీక్షల డేటాను సాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించే పనికి బీఫార్మసీ, ఎమ్మెస్సీ వాళ్లు ఈ ఊళ్లో ఏనాటి నుంచో వెళ్తున్నారు.

మా చెల్లి ఆ కంపెనీకి పంపిన మెయిల్ ఇంగ్లిషులో ఉంది. దాని సారం ఇది: “మీ సాఫ్ట్‌వేర్‌ను నేను ఏడేళ్లు రోజూ వాడాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నాలుగు నెలలుగా నేర్చుకుంటున్నాను. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు రోజూ తగిలే ఇబ్బందులు పద్నాలుగు రాసి జతచేశాను, ఒక్కోదానికి స్క్రీన్ ఫొటో ఉంది. మూడు నెలలు మీ దగ్గర టెస్టింగ్‌లో పనిచేసే అవకాశమిస్తారా?” అంతే. “ఏదైనా ఓపెనింగ్ ఉంటే చెప్పండి సార్” అనే మాట అందులో లేదు. ఆ మాటకు జవాబివ్వడం ఎవరికైనా కష్టం. పద్నాలుగు ఇబ్బందుల జాబితా వస్తే మాత్రం తెరిచి చూడకుండా ఉండలేరు.

ఫొటోల్లో పేషెంట్ల పేర్లు, వయసు, రిపోర్టు నంబరు చెరిపేసి పంపమన్నాను. ఇది చాదస్తం కాదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అది లేకపోయినా పాత యజమాని డేటా బయటికి తెచ్చిన మనిషిని కొత్త యజమాని నమ్మడు. ఇంకొకటి, ఆమె ల్యాబ్ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి గిరాకీ. అందుకని ముందు ల్యాబ్ ఓనర్‌కు చెప్పి, నోటీసు ఇచ్చాకే మెయిల్ కొట్టింది. ఆయనేమీ కోప్పడలేదు, “ఆ ప్రింటర్ సంగతి కూడా చూడమ్మా” అన్నాడట.

బూడిదరంగు మూతలు

ఆ కంపెనీ ఆమెను తీసుకుంది. అక్కడ మూడో రోజు ఆమె చేసిన పని చెబితే, ఈ నాలుగో రకం ఎందుకు పనిచేస్తుందో తెలుస్తుంది. షుగర్ పరీక్షకు రక్తం తీసే గొట్టం మూత బూడిదరంగులో ఉంటుంది. పరగడుపున ఒకటి, తిన్న రెండు గంటలకు ఒకటి, రెండింటికీ అదే మూత. సాఫ్ట్‌వేర్ పొద్దున ఏడింటికి బిల్లు కొట్టగానే రెండు లేబుళ్లూ ఒకేసారి ప్రింట్ చేస్తోంది. పక్కన కూర్చున్న బీటెక్ కుర్రాడి పరీక్షలో అది “పాస్”: రెండు పరీక్షలు అడిగారు, రెండు లేబుళ్లు వచ్చాయి, బార్‌కోడ్‌లు వేరువేరు. తప్పేముంది?

“రెండో లేబుల్ రెండు గంటలు టేబుల్ మీద పడి ఉంటది కదా” అంది మా చెల్లి. “రద్దీలో అది తీసి పరగడుపు గొట్టానికి అంటిస్తరు. బార్‌కోడ్ కరెక్టే, రక్తం తప్పు. తిన్నాక షుగర్ తగ్గినట్టు రిపోర్టు పోతది.” రెండో లేబుల్ రెండో నమూనా తీసే టైముకే ప్రింట్ కావాలని రాసింది. ఆ బగ్, అంటే ఆ తప్పు, కోడ్ చదివితే దొరకదు. కోడ్ ఏం చెయ్యమంటే అది చేస్తోంది. పొద్దున ఏడింటికి ల్యాబ్ కౌంటర్ ఎలా ఉంటుందో చూసిన కళ్లకే దొరుకుతుంది.

ఒకప్పుడు ఇంటర్న్‌లకు ఇచ్చిన చిన్నచిన్న కోడ్ ముక్కలు ఇప్పుడు ఏఐతో రాయించేస్తున్నారు, మా ఆఫీసులోనూ అంతే. అలాంటప్పుడు ఇరవయ్యొక్కేళ్ల బీటెక్ వాడితో కోడింగ్‌లో పోటీపడి గెలవాలనుకోవడం నాకైతే తెలివైన పనిగా తోచదు. పాత వృత్తిని రెజ్యూమెలో రెండో పేజీకి నెట్టి దాచుకునేవాళ్లను చూస్తే ఉసూరుమంటుంది. మీ దగ్గరున్న సరుకంతా అదే కదా.

చిన్న కంపెనీలో మొదట చేతికొచ్చేది టెస్టింగ్, సపోర్ట్, లేకపోతే ఇంప్లిమెంటేషన్. అంటే గిరాకీ దగ్గరకు వెళ్లి సాఫ్ట్‌వేర్ పెట్టి, వాళ్లకు నేర్పి రావడం. సపోర్ట్ అనగానే మూతి ముడుచుకునేవాళ్లున్నారు. కౌంటర్ మీద జనంతో నెగ్గుకొచ్చిన మనిషికి ఇంప్లిమెంటేషన్‌ను మించిన మొదటి మెట్టు లేదని నా అభిప్రాయం. డేటాబేస్ నుంచి కావలసిన సమాచారం రాబట్టే క్వెరీలు రాయడం అక్కడే వచ్చేస్తుంది, అవసరం మెడమీద కూర్చుంటుంది కాబట్టి.

పాత పనికి సంబంధించిన కంపెనీ ఏదీ దొరకనివాళ్లకు మిగతా దారులు: రాయదుర్గంలో స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్ ఉంది, 2022 జూన్‌లో తెరిచిన పెద్ద భవనం. ఇంటర్న్‌లను తీసుకునేది టీ-హబ్ కాదు, అందులో ఉండే స్టార్టప్‌లు. కాబట్టి ఏ స్టార్టప్ ఏం చేస్తోందో చదువుకుని ఆ మనిషికే రాయాలి. ఊళ్లోని పైథాన్ బృందం హైడ్‌పై లాంటివాళ్లు పెట్టే సమావేశాలకు వెళ్లొచ్చు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ వాళ్లున్నారు. మొదటిసారి వెళ్లి పని అడగకండి, మూడోసారికి వాళ్లే మీరేం చేస్తుంటారని అడుగుతారు.

కాగితం, పైసలు

స్టైపెండ్ మీ పాత జీతానికి దరిదాపుల్లో ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీ, అక్కడ దిగి షేర్ ఆటోలో కొండాపూర్. రానుపోను ఖర్చు, మధ్యాహ్నం టిఫిను పోతే మా చెల్లికి పెద్దగా మిగిలిందేమీ లేదు. ఆర్నెల్ల ఇంటి ఖర్చు ముందే పక్కన పెట్టుకుంది కాబట్టి నిలబడింది. అంత వెసులుబాటు లేనివాళ్లు ఉన్న ఉద్యోగం వదలకుండా శని, ఆదివారాలు చేస్తామని అడుగుతుంటారు. అడగొచ్చు, కానీ ముందు మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు తీసి చదవండి. వేరే చోట పనిచెయ్యకూడదనే షరతు చాలా వాటిలో ఉంటుంది. పోటీ కంపెనీలకూ పనిచేస్తున్నారని 300 మందిని తీసేసినట్టు విప్రో 2022 సెప్టెంబరులో చెప్పింది. రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

చేరేముందు కంపెనీ జీఎస్‌టీ నంబరు అడిగి, జీఎస్‌టీ వెబ్‌సైట్లో కొట్టండి. ఏ పేరుమీద, ఏ తేదీన రిజిస్టరైందో వస్తుంది. పదేళ్ల కంపెనీ అని చెప్పుకుంటూ పోయిన నెలలో రిజిస్టరైతే అక్కడే ఆగిపోవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్సులు చాలు. మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కు బాండు రాయమంటే లేచి వచ్చెయ్యండి. స్టైపెండ్ వెయ్యి రూపాయలైనా సరే బ్యాంకులోనే వేయించుకోండి, మీరు అక్కడ పనిచేశారనడానికి రేపు అదే సాక్ష్యం.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా తగులుతారు. మీకు పీఎఫ్ ఉంటే, ఎన్ని కంపెనీలు మారినా యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు ఒకటే ఉంటుంది, ఎక్కడ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారో అందులో ఉంటుంది. కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో అది చూస్తుంది. ల్యాబ్‌లో ఉన్న ఏళ్లను సాఫ్ట్‌వేర్ ఏళ్లుగా రాసుకుంటే అక్కడ దొరికిపోతారు, చేరిన ఏడాది తర్వాత కూడా.

వెళ్లేటప్పుడు ఇచ్చే లెటర్‌లో “ఇంటర్న్‌షిప్ విజయవంతంగా పూర్తిచేశారు” అనే మాట ఎందుకూ కొరగాదు. సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం (మాడ్యూల్) మీద, ఏం చేశారో రెండు వాక్యాలు రాయించుకోండి. అవసరమైతే ఆ రెండు వాక్యాలు మీరే రాసి ఇవ్వండి. చిన్న కంపెనీల్లో సంతకం పెట్టేవాడికి రాసే తీరిక ఉండదు.

ఎప్పుడు అడగాలి అన్నది కూడా ఉంది. జనవరిలో వచ్చిన కాలేజీ పిల్లలు జూన్ చివరికి వెళ్లిపోతారు. మళ్లీ జనవరి దాకా చిన్న కంపెనీల్లో ఆ కుర్చీలు ఖాళీ. మా చెల్లి మెయిల్ కొట్టింది ఆగస్టు రెండో వారంలో. అప్పటికి వాళ్ల ఇద్దరు బీటెక్ ఇంటర్న్‌లలో ఒకడు వెళ్లిపోయి నెలన్నర అయింది, అతను వదిలేసిన బగ్ షీట్‌ను ఆ తర్వాత ఎవరూ తెరవలేదు.